గర్భసంచి ఆపరేషన్ వికటిస్తే కేసు వేయొచ్చా: అపోహలు, వాస్తవాలు

తిరుపతి, చిత్తూరులో వినియోగదారుల కమిషన్ ముందు రోగుల తరఫునా, ఆసుపత్రుల తరఫునా వాదిస్తుంటాను, కాబట్టి ఇది చదివి రెండు పక్షాలవాళ్లూ తిట్టుకోవచ్చు.

అపోహ: ఆపరేషన్ తర్వాత ఇబ్బంది వచ్చిందంటే డాక్టరు తప్పు చేసినట్టే.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పట్టుకుని కూర్చునేది ఇదే. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళం గర్భసంచికి రక్తం తెచ్చే ధమని కిందుగా, బాగా దగ్గరగా పోతుంది, అందుకే ఎంత జాగ్రత్తపడినా అరుదుగా దానికి దెబ్బ తగులుతుంది. అంతమాత్రాన నిర్లక్ష్యం అనరు. కోర్టు చూసేది ఆ తర్వాత ఏం చేశారని. నాళం దెబ్బతిన్న ఆవిడకు ఇంటికెళ్లిన వారం పది రోజులకు తెలియకుండానే మూత్రం కారుతుంది, పక్కబట్టలు తడుస్తాయి, ఎన్ని ప్యాడ్లు మార్చినా అంతే, ఆసుపత్రికి పోతే “తెల్లబట్టేలేమ్మా, తగ్గిపోతుంది” అని మాత్రలు రాసి పంపేస్తారు, నెల తర్వాత ఇంకోచోట స్కాన్ తీస్తే గానీ అసలు సంగతి బయటపడదు. ఆ నెల రోజుల చీటీలే నాకు కావాలి. అదే డాక్టరు ఆవిడ మొదటిసారి చెప్పినప్పుడే స్కాన్ తీయించి, యూరాలజిస్టును పిలిపించి ఉంటే ఆ కేసు నేను తీసుకోను, ఆవిడ పడిన బాధ ఎంతైనా సరే.

అపోహ: సంతకం పెట్టేశాం, ఇంకేం చేయలేం.

దేనికి పెట్టారు, ఎవరు పెట్టారు? సమీరా కోహ్లీ కేసు (2008) చూడండి. ఆమె ఒప్పుకున్నది పొట్టలోకి కెమెరా గొట్టం పెట్టి చూసే లాపరోస్కోపీ పరీక్షకు. మత్తులో ఉండగా బయటున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు, ఆమె మేజర్, కాబట్టి తల్లి అనుమతి చెల్లదంది సుప్రీంకోర్టు. మన దగ్గర మొగుడో అత్తో సంతకం పెట్టేయడం మామూలే, అదీ ఇంగ్లీషు ఫారంలో, ఆపరేషన్ పేరు రాయాల్సిన గీత ఖాళీగా ఉండగానే. లక్షల మీద ఆశ మాత్రం పెట్టుకోకండి, ఆ కేసులో ఇప్పించింది 25,000 రూపాయలు, ఆపరేషన్ ఫీజు రద్దు.

అపోహ: ఉచితంగా చేయించుకుంటే అడిగే హక్కు లేదు.

సగం నిజం. అందరికీ పూర్తిగా ఉచితమైన చోటైతే వినియోగదారుల కమిషన్‌కు పోలేం, 1995 నాటి శాంతా కేసు తీర్పు అది. కానీ డబ్బు కట్టేవాళ్లూ ఉన్న ఆసుపత్రిలో ఉచితంగా చేయించుకున్నవాళ్లూ వినియోగదారులేనని అదే తీర్పు చెప్పింది, కాబట్టి ప్రైవేటులో ఆరోగ్యశ్రీ కింద చేయించుకున్నవాళ్లు అప్పుడే చేతులెత్తేయక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రి మీద సివిల్ దావా ఎప్పుడూ ఉంది. 1963లో ఔరంగాబాద్‌లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి కడుపులో గుడ్డ మరిచిపోయారు, ఆమె చనిపోయింది, ప్రభుత్వమే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 1996లో తేల్చింది. ఎన్నేళ్లు పట్టిందో మీరే లెక్కేసుకోండి.

అపోహ: పోలీసు కేసు పెడితే దిగొస్తారు.

రారు. క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పారు. స్టేషన్ చుట్టూ తిరిగేలోపు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికున్న రెండేళ్ల గడువు కరిగిపోతుంది.

అపోహ: వేలూరులోనో చెన్నైలోనో చేయించుకుంటే అక్కడికే పోవాలి.

అక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే వేయొచ్చు. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

ఇక రికార్డులు. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి తెచ్చి కేసు వేయమంటారు, అది చాలదు. మొత్తం కేస్ షీట్, మత్తు డాక్టరు నోట్సు, తీసిన గర్భసంచి బయాప్సీ రిపోర్టు అన్నీ రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి. మూడు రోజుల బీపీ, పల్స్ చార్టు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఎక్కడా కొట్టివేత లేకుండా వస్తే, తర్వాత ఒకేసారి కూర్చుని రాశారేమోనని అడగొచ్చు, అదీ నాకు పనికొస్తుంది. మీరిచ్చే అర్జీ నకలు మీద మాత్రం వాళ్ల స్టాంపు, తేదీ వేయించుకోండి.