బ్రహ్మదండి గింజలు: మరగబెట్టినా విషం విషమే

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కాళ్ళకు కాస్త నీరు పట్టినా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) టెన్షన్ మొదలవుతుంది. ఇంట్లో ఒకరు డయాలసిస్ మీద ఉంటే, మిగతావాళ్ళు ఎవరు ఏ ఆకు చెప్పినా తాగేస్తారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ కిడ్నీకి, వాపుకి మందంటూ బ్రహ్మదండి గింజల పొడి పేరు పదే పదే వింటున్నాను కాబట్టి రాయక తప్పడం లేదు.

అపోహ: వేయించి, మరగబెడితే విషం పోతుంది.

పోదు. జనం బ్రహ్మదండి అంటున్న పసుపు పువ్వు ముళ్ళమొక్క, అంటే బలురక్కసి, దాని గింజల్లో ఉండే సాంగ్వినరిన్, డైహైడ్రోసాంగ్వినరిన్ అనే విషాలు మన పొయ్యి వేడికి చావవు. అవి సన్న రక్తనాళాలను వదులు చేస్తాయి. నీరు బయటకు ఊరి రెండు కాళ్ళూ ఉబ్బుతాయి. ముదిరితే ఆయాసం వస్తుంది, గుండె దెబ్బతింటుంది, కొందరికి కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోతుంది. దీనికి ప్రత్యేకంగా విరుగుడు లేదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. కిడ్నీ వాపూ, ఈ వాపూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మొన్న కవిటి నుంచి ఒకావిడ తండ్రిని తీసుకొచ్చింది. "ఆకు మందే కదా, ఏటవుద్ది బాబూ? వాపు తగ్గలేదని ఇంకో చెంచా ఎక్కువేసినాం" అంది. సంచిలో మొక్క కూడా ఉంది. కాడ విరిస్తే పసుపు పాలు నా వేలికి అంటుకున్నాయి. ఆ వాపులో జబ్బు వాటా ఎంతో, పొడి వాటా ఎంతో ఆ రోజు నేను చెప్పలేకపోయాను. ముందు పొడి ఆపించాను. ఆమెను ఒక్క మాట అనలేదు. నా కోపమంతా నోటికొచ్చింది చెప్పి పంపేవాళ్ళ మీదే.

అపోహ: బ్రహ్మదండి ఒకటే మొక్క.

ఆ పేరుతో ఇంకో ముళ్ళమొక్క ఉంది. దాని పువ్వు బంతిలా గుండ్రంగా, తెల్లగానో లేత నీలంగానో ఉంటుంది, కాడలో పసుపు పాలుండవు. పేరు చూసి మందు కొనొద్దు.

అపోహ: చరకుడి కాలం నుంచీ వాడుతున్నారు.

బలురక్కసి పుట్టిల్లు మెక్సికో. చరకుడి నాటికి అది మన నేల మీదే లేదు.

బలురక్కసి గింజలు ఆవాల్లో కలిస్తేనో? కలుస్తుంది, కలిసింది కూడా. 1998లో ఢిల్లీలో ఈ గింజల నూనె కలిసిన ఆవనూనె వల్ల 60 మందికి పైగా చనిపోయారు. ఆవగింజ నున్నగా ఉంటుంది, ఇది గరుగ్గా ఉంటుంది. మొక్కను ముట్టుకుంటే ఏమీ కాదు, ముల్లు గుచ్చుకుంటుందంతే. పాలు మాత్రం కళ్ళలో వేయకండి.

కాళ్ళు వాచి ఆసుపత్రికి వచ్చేటప్పుడు రిపోర్టులతో పాటు తాగుతున్న పొడి పొట్లం కూడా తెచ్చి చూపించండి. దాచొద్దు, ఎవరూ తిట్టరు.