ఐరీన్ డన్ సినిమాలు డిస్కుల్లోకి రావడానికి ఇన్నేళ్లెందుకు పట్టింది?

పాత హాలీవుడ్ సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్లలో కూడా ఐరీన్ డన్ పేరు చెప్తే వెంటనే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. క్యారీ గ్రాంట్ పక్కన నటించిందని చెప్తే 'ఓ, ఆవిడా' అంటారు. 'సిమరాన్' (1931) నుంచి 'ఐ రిమెంబర్ మామా' (1948) వరకు అయిదుసార్లు ఉత్తమ నటి ఆస్కార్‌కు నామినేట్ అయింది, ఒక్కసారీ చేతికి రాలేదు. ఆమె తరంలోని మిగతా పెద్ద తారల సినిమాలు క్యాసెట్ల రోజుల నుంచే షాపుల్లో దొరుకుతుంటే, ఈమె అభిమానులకు మాత్రం చాలాకాలం ఎదురుచూపులే మిగిలాయి. నెగటివ్‌లు తగలబడిపోయాయా అంటే అదీ కాదు. ఆమె చేసిన కథలు మరీ బాగుండటమే చాలా సినిమాల కొంప ముంచింది.

ఎలాగంటే, ఆమె హిట్లన్నీ దాదాపు రీమేక్ అయ్యాయి. 'బ్యాక్ స్ట్రీట్' (1932) రెండుసార్లు, 1941లోనూ 1961లోనూ. 'మాగ్నిఫిసెంట్ అబ్సెషన్' (1935) మళ్లీ 1954లో. 'ద ఆఫుల్ ట్రూత్' (1937) 1953లో. 'మై ఫేవరెట్ వైఫ్' (1940) డోరిస్ డే సినిమాగా 1963లో. 'అన్నా అండ్ ద కింగ్ ఆఫ్ సయామ్' (1946)లో ఆమె వేసిన పాత్రనే పదేళ్లకు పాటలతో వచ్చిన 'ద కింగ్ అండ్ ఐ'లో డెబొరా కెర్ వేసింది. మరుసటి ఏడాది డన్ పాత్ర ఇంకొకటీ కెర్‌కే వెళ్లింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

మన దగ్గర రీమేక్ హక్కులు కొంటే పాత సినిమా దాని మానాన అది ఆడుతూనే ఉంటుంది. ఆనాటి హాలీవుడ్ లెక్క వేరు. టీవీ, వీడియో లేని కాలంలో పాత సినిమాలను మళ్లీ థియేటర్లకు వదలడం మామూలు. కొత్తది తీసే స్టూడియోకి అదే టెన్షన్. అందుకే కథతోపాటు పాత సినిమా హక్కులనూ కొనేసి, దాన్ని అటకెక్కించేవాళ్లు. అటకెక్కింది కిందికి దిగాలంటే ఎవరికో అవసరం పడాలి.

'షో బోట్' (1936) దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. యూనివర్సల్ తీసింది, దర్శకుడు జేమ్స్ వేల్. డన్ హాలీవుడ్‌కి రాకముందే రంగస్థలం మీద ఇదే మాగ్నోలియా పాత్రతో ఊళ్లు తిరిగింది. వంటింట్లో హెలెన్ మోర్గన్ పాట అందుకుంటే, పక్కన నల్లజాతి గాయకుడు, నటుడు పాల్ రోబ్సన్, నటి హాటీ మెక్‌డానియెల్ ఉండగా, డన్ భుజాలు విరుస్తూ కాళ్లు ఈడుస్తూ అడుగులేసే సన్నివేశం ఒకటుంది. కులీన స్త్రీ పాత్రలకు పేరుపడ్డ నటి అంత అల్లరిగా కనబడటం అరుదు. ఎంజీఎం స్టూడియో సొంతంగా ఈ కథ తీయాలని పాతదాని హక్కులు కొని లోపల పెట్టింది, 1951లో రంగుల్లో కొత్తది వదిలింది. పైగా అప్పటికి రోబ్సన్ రాజకీయాల వల్ల అమెరికా ప్రభుత్వానికి కంట్లో నలుసయ్యాడు. 1950లో ఆయన పాస్‌పోర్టే రద్దు చేశారు. ఆయన ఉన్న సినిమాని బయటికి తేవడానికి ఎవరికి తొందర? వీడియో క్యాసెట్ 1990లో వచ్చింది, డన్ చనిపోయింది ఆ సంవత్సరమే. డీవీడీకి 2014 దాకా, బ్లూరేకి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. అందులో డన్ నల్లజాతివాళ్లను అనుకరిస్తూ ముఖానికి నల్లరంగు పూసుకుని చేసిన పాట ఒకటుంది, ఈరోజు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బంది కోసం సినిమాని దాచేయడం మాత్రం నాకు సబబు అనిపించదు.

'రాబర్టా' (1935)దీ ఇదే దారి. ఎంజీఎం కొంది, 1952లో రీమేక్ చేసింది. ఫ్రెడ్ ఆస్టెర్, జింజర్ రోజర్స్ కూడా ఉన్నారు కాబట్టి వాళ్ల సినిమాల సెట్‌లో చేరి 2006లో డీవీడీ అయింది.

'లవ్ ఎఫైర్' (1939)కి పట్టిన గతి ఇంకో రకం. లియో మెకారీ దర్శకత్వం, జోడీ చార్లెస్ బోయర్. ఓడలో పరిచయం, ఫలానా రోజు ఫలానా చోట కలుద్దామన్న మాట, దారిలో ప్రమాదం. ఆమిర్ ఖాన్, మనీషా కొయిరాలా 'మన్' (1999) చూసినవాళ్లకు మిగతా కథ చెప్పక్కర్లేదు. మెకారీయే దీన్ని 1957లో ఫాక్స్ కోసం క్యారీ గ్రాంట్, డెబొరా కెర్‌లతో మళ్లీ తీశాడు. లోకానికి గుర్తున్నది ఆ రెండోదే. అప్పటి అమెరికా చట్టం ప్రకారం కాపీరైట్‌ను 28 ఏళ్లకు రెన్యువల్ చేయించాలి. 1967లో ఆ పని ఎవరూ చేయించలేదు. దాంతో సినిమా పబ్లిక్ డొమైన్‌లో పడింది. ఎవరైనా అమ్ముకోవచ్చు, కానీ మంచి ప్రింటు కోసం డబ్బు పెట్టడానికి ఎవరికీ మనసు రాదు, రేపు పక్కవాడు దాన్నే కాపీ కొట్టి సగం ధరకి అమ్ముతాడు కదా. ఏళ్ల తరబడి దొరికినవన్నీ అరిగిపోయిన ప్రింట్ల నుంచి తీసిన చౌక డిస్కులే. మదీరాలో ముసలావిడ పియానో వాయిస్తుంటే డన్ ఫ్రెంచ్ పాట పాడే ఘట్టం సినిమాకి గుండెకాయ. గరగర మధ్య అదే సరిగ్గా వినబడకపోతే ఇక చూసేదేముంది? న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, పారిస్ లాబ్‌స్టర్ ఫిలిమ్స్ కలిసి బాగుచేశాక, పాత సినిమాల డిస్కులు వేసే అమెరికా కంపెనీ క్రైటీరియన్ 2022లో బ్లూరే వేసింది. 'పెన్నీ సెరినేడ్' (1941) కూడా ఇలాగే రెన్యువల్ మరిచి వదిలేసిన సినిమానే.

'స్టింగరీ' (1934) ఏ లెక్కలోకీ రాదు. 'కింగ్ కాంగ్' తీసిన మెరియన్ కూపర్‌కి ఆర్కేఓ స్టూడియోతో డబ్బు పేచీ వచ్చింది. 1946లో సర్దుబాటు కింద ఆరు సినిమాలు ఆయన చేతికి వచ్చాయి, అందులో ఇదొకటి. 1950ల నడుమ న్యూయార్క్ టీవీలో కాసేపు కనబడి మాయమైపోయాయి. టర్నర్ క్లాసిక్ మూవీస్ ఛానల్ హక్కులు కొని 2007 ఏప్రిల్‌లో వేసేదాకా వాటి అయిపూ లేదు.

ఆర్కేఓ, పాత ఎంజీఎం సినిమాలు టర్నర్ ద్వారా వార్నర్ గొడుగు కిందికి చేరడం అభిమానులకు కలిసొచ్చింది. 2009 మార్చిలో మొదలైన వార్నర్ ఆర్కైవ్, వేల కాపీలు కొట్టి గోదాములో పెట్టే పద్ధతి మానేసి, ఆర్డర్ వచ్చినప్పుడే డిస్కు రాసి పంపడం మొదలుపెట్టింది. అంతంతమాత్రంగా అమ్ముడుపోయే సినిమాకి అది పెద్ద ఊరట. ఆ దారిలోనే 'షో బోట్', 'థర్టీన్ విమెన్' లాంటివి బయటికొచ్చాయి. 'హై, వైడ్ అండ్ హ్యాండ్‌సమ్' (1937) లాంటి పారమౌంట్ సినిమాలు ఈ లెక్కలోకి రావు. 1950కి ముందరి పారమౌంట్ టాకీలు సుమారు 700 దాకా 1958లో ఎంసీఏ అనే కంపెనీకి అమ్ముడయ్యాయి. ఇప్పుడవి యూనివర్సల్ చేతిలో ఉన్నాయి. పారమౌంట్‌కి ఉత్తరం రాసి లాభం లేదన్న సంగతి చాలామందికి తెలియదు.

ఇవన్నీ దాటుకుని వచ్చిన డిస్కు కూడా మన ఇళ్లలో ఆడుతుందన్న భరోసా లేదు. ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్‌లోనే ఆడేలా 'రీజియన్' అనే తాళం వేస్తారు. అమెరికా క్రైటీరియన్ బ్లూరేలు ఎక్కువగా రీజియన్ ఏ, ఇండియా రీజియన్ సీ. డీవీడీల్లో అమెరికా ఒకటో రీజియన్, మనది అయిదు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే చుట్టాల చేత 'లవ్ ఎఫైర్' తెప్పించుకునేవాళ్లు, ముందు తమ ప్లేయర్ అన్ని రీజియన్లూ చదువుతుందో లేదో చూసుకోవాలి.