ములు గుహలు: అపోహలు, వాస్తవాలు

బోర్నియో ద్వీపంలో, మలేసియాకు చెందిన సరవాక్ రాష్ట్రంలో గునుంగ్ ములు నేషనల్ పార్క్ ఉంది. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుహల్లో బతికే జీవుల మీద పనిచేసే మాకు, ములు పేరెత్తగానే ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఎండ సోకని చోట ప్రాణి బతకదు.

వాస్తవం: లోపల చెట్టూ చేమా ఉండవు, నిజమే. తిండి బయటి నుంచి ఎగిరొస్తుంది. ఒక్క డీర్ కేవ్‌లోనే గబ్బిలాలు దాదాపు 30 లక్షలని అంచనా. రాత్రి అడవి మీద పురుగులు తిని, వచ్చి లోపల రెట్ట వేస్తాయి. ఆ రెట్ట మీద టార్చి వేస్తే నేలే కదులుతున్నట్టు ఉంటుంది. అన్నీ బొద్దింకలు, పెంకు పురుగులు. వాటిని తినడానికి సాలీళ్లు, జెర్రులు. గబ్బిలాలను, పిట్టలను పట్టడానికి గోడలెక్కే పాము కూడా ఉంది. నాకు అన్నిటికంటే వింతగా అనిపించేది ఇయర్‌విగ్ అనే చిన్న పురుగు. వెంట్రుకల్లేని ఒక జాతి గబ్బిలం ఒంటి మీద తిరుగుతూ దాని చర్మపు పొట్టు, జిడ్డు తిని బతికేస్తుంది. కుట్టదు, రక్తం పీల్చదు.

అపోహ: ఇన్ని లక్షల గబ్బిలాల్లో రక్తం తాగేవి ఉండకపోవు.

వాస్తవం: ప్రపంచం మొత్తంలో అలాంటివి మూడే జాతులు. మూడూ అమెరికా ఖండాలవే. గబ్బిలాలు గుడ్డివన్నదీ తప్పే. డీర్ కేవ్ గబ్బిలాలు సాయంత్రం నల్లటి తాడు మెలికలు తిరిగినట్టు గుంపుగా బయటికొస్తాయి. గుంపులో ఉంటే డేగకు చిక్కడం తక్కువ. వాన పడితే చాలాసార్లు రానే రావు, టికెట్ కొన్నామని గైడ్‌తో గొడవపడి లాభం లేదు. గబ్బిలాన్ని చేత్తో మాత్రం ముట్టుకోకండి.

అపోహ: గుహలో గూడు కట్టే స్విఫ్ట్‌లెట్ పిట్టకు చీకట్లో కళ్లు కనిపిస్తాయి.

వాస్తవం: కనిపించవు. టకటకమని శబ్దం చేసి, ప్రతిధ్వనిని బట్టి దారి పట్టుకుంటుంది. ఆ టకటకలు మన చెవికీ వినిపిస్తాయి.

అపోహ: ప్రపంచంలోకెల్లా పెద్ద గుహ ములులోనే ఉంది.

వాస్తవం: ఏ లెక్కన? పొడవులో అయితే అమెరికాలోని మామత్ కేవ్. సొరంగం వెడల్పు, ఎత్తు చూస్తే వియత్నాంలోని సన్ డూంగ్. ములుకు దక్కేది సరవాక్ చాంబర్. 1981లో బయటపడిన ఈ గది 600 మీటర్ల పొడవు, 415 మీటర్ల వెడల్పు. నేల వైశాల్యంలో దీన్ని మించిన గుహ గది ఇంకా దొరకలేదు. ఘనపరిమాణంలో మాత్రం చైనాలోని మియావ్ గది ముందుంది. మన బెలుం గుహలు 3.2 కిలోమీటర్లు. ములులో క్లియర్‌వాటర్ గుహ ఒక్కటే 200 కిలోమీటర్లు దాటింది, కొలతలు ఇంకా సాగుతున్నాయి.