ఖిలా వరంగల్ రాళ్లు: గుడి మ్యూజియం ఎట్లా అయింది

యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కినప్పుడు రామప్ప గుడి ఒంటరి కాదు. వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట తోరణాలు కూడా పక్కనే ఉన్నాయి. 2021 జూలైలో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది మాత్రం రామప్ప ఒక్కదానికే. కోటకు ఎందుకు రాలేదని మనవాళ్లు అడుగుతుంటారు. నిర్ణయం వెనక లెక్కలు ఎన్నో ఉంటాయి గానీ, తేడా మాత్రం కంటికి కనిపిస్తుంది. 1213లో కట్టిన రామప్ప ఇంకా గుడిగానే నిలబడి ఉంది. కోట నడుమ ఉన్నది గుడి కాదు, విడిపోయిన దాని ముక్కలు.

ఇక్కడ ఉండేది స్వయంభూ శివాలయం, కాకతీయుల రాజధానికి నడిబొడ్డు. 1323లో ఢిల్లీ తుగ్లక్ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేన ఓరుగల్లును పట్టుకుంది. ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టి, ఆ పేరుతోనే నాణేలు కూడా వేశారు. గుడి పోయింది, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మిగిలాయి. వాటి మీద దేవుడి బొమ్మ లేదు కాబట్టే వదిలేశారని గైడ్లు చెప్తారు. కూల్చిన గుడి స్తంభాలతో అక్కడే మసీదు కట్టుకుని, తోరణాలను దాని చుట్టూ కావాలనే ఉంచుకున్నారన్నది కొందరు చరిత్రకారుల వాదన. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. అంత పెద్ద గుడిని విప్పినవాళ్లకు ఈ నాలుగూ అడ్డమా?

తోరణం కింద నిలబడి తల పైకెత్తండి. అడ్డదూలానికి తామరమొగ్గలు వరసగా వేలాడుతుంటాయి, అన్నీ రాయే. పైన హంసలు. 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఈ తోరణమే. ఆఫీసు కాగితం మీద రోజూ చూసేవాళ్లు కూడా ఈ మొగ్గల్ని గమనించరు.

నాలుగు తోరణాల మధ్య నేల మీద పరిచి పెట్టిందంతా ఆ గుడి సామానే. విరిగిన స్తంభాలు, దూలాలు, కప్పు పలకలు, ఏనుగులు, సింహాలు. పైకప్పులో ఉండాల్సిన పద్మం మోకాలి ఎత్తులో కనిపిస్తుంది. గుడి నిలిచి ఉంటే మెడ నొప్పి పుట్టేదాకా చూసినా ఇంత దగ్గరగా దొరకదు. ఎండా వానా మాత్రం నేరుగా దాని మీదే.

నీడ దొరికిన కొన్ని శిల్పాలు కాస్త అవతల కుష్ మహల్‌లో ఉన్నాయి. దాన్ని తర్వాతి కాలంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని చాలాకాలం రాసుకుంటూ వచ్చారు. వాలుగా లేచిన మందపు గోడలు, లోపలి కమానులు చూసి, తుగ్లక్ కాలపు దర్బారు హాలై ఉంటుందని ఇప్పుడు పరిశోధకులు అంటున్నారు. గుడిని విప్పిన కాలపు కట్టడమే ఇప్పుడు కాకతీయ శిల్పాలను దాచిపెడుతోందన్నమాట.

ఇంతకీ గర్భగుడిలోని లింగం ఏమైంది? ఆ పక్కనే శంభుని గుడిలో ఉన్న నాలుగు ముఖాల లింగమే అదని స్థానికుల నమ్మకం. దానికి టికెట్టూ లేదు, బోర్డూ లేదు. పూజలు మాత్రం జరుగుతూనే ఉన్నాయి.