ఫోన్ లాక్ తియ్యమంటే: రాజమండ్రి జడ్జిగారి నుంచి ఇప్పటిదాకా

సంక్రాంతి రోజుల్లో భీమవరం, అమలాపురం వైపు బళ్లు ఆపి చెక్ చేయడం మనకి అలవాటే. లైసెన్సు అడుగుతారు, డిక్కీ తీయమంటారు, సరే. కానీ ఆ తర్వాత "ఫోన్ లాక్ తియ్యి, వాట్సాప్ చూపించు" అంటే అది పూర్తిగా వేరే విషయం. కుర్రాడు భయపడో, పోలీసోళ్లతో మనకెందుకు గొడవ అనుకునో వేలు ఆనించేస్తాడు. అంతే, అమ్మ మెడికల్ రిపోర్టులు, చెల్లి ఫొటోలు, బ్యాంకు మెసేజ్‌లు అన్నీ నడిరోడ్డు మీద ఇంకొకరి చేతిలో. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీలంటూ కుర్రాళ్లని ఆపి వాట్సాప్ చాట్‌లు వెతికిన వీడియో బయటికొచ్చాకే దీని గురించి గట్టిగా మాట్లాడటం మొదలైంది.

అసలు గొడవ మాత్రం ఫోన్లు రాకముందుది. పోలీసుల సోదాలకి అడ్డుగా గోప్యత హక్కు అనేది మన రాజ్యాంగంలో లేదని 1954లో ఎనిమిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు చెప్పేశారు. తర్వాత ఖరక్ సింగ్ కేసు. యూపీ మనిషి, దోపిడీ కేసులో పట్టుకుని సాక్ష్యం లేక వదిలేశారు, అయినా హిస్టరీ షీట్ తెరిచి (మన దగ్గర రౌడీషీట్ లాంటిదే) అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు కొట్టి లేపేవారు. 1962లో తీర్పొచ్చింది. రాత్రి రాకలు తప్పన్నారు గానీ, గోప్యత ప్రాథమిక హక్కు కాదనే అన్నారు ఎక్కువమంది జడ్జీలు. ఒప్పుకోనిది జస్టిస్ కోకా సుబ్బారావు, ఆయనతో పాటు జస్టిస్ షా. నీడలా వెంటాడుతుంటే మనిషి కదలగలడేమో గానీ స్వేచ్ఛగా కదలలేడు, వాడికి దేశమంతా జైలే అని రాశారు సుబ్బారావుగారు. ఆయన పుట్టింది మన రాజమండ్రిలోనే. ఈ సంగతి గోదావరి జిల్లాల్లో ప్రతి బడిలోనూ చెప్పాలి.

ఆ మాట గెలవడానికి 55 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు, సుబ్బారావుగారు చెప్పిందే సరైనదన్నారు.

ఇక పాస్‌వర్డ్ సంగతి ఇంకా తేలలేదు. తన మీద తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతోంది. కానీ వేలిముద్ర ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కాదని 1961లోనే 11 మంది జడ్జీలు తేల్చారు. పిన్ నంబరు మరి మన బుర్రలో ఉండేది కదా? కోర్టు ఆదేశిస్తే ఇవ్వాల్సిందేనని 2021లో కర్ణాటక హైకోర్టు, బలవంతపెట్టకూడదని 2023లో ఢిల్లీ హైకోర్టు. అందుకే వేలిముద్ర, ఫేస్ లాక్ కన్నా పిన్ మేలు. ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే పిన్ కొట్టేదాకా వేలు పనిచేయదు.

2022 మే 24న జిల్లా పేరు మార్పు గొడవలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాక రోజుల తరబడి నెట్ కట్ చేశారు, వాట్సాప్ గ్రూపుల మెసేజ్‌లు కేసులో ఆధారాలయ్యాయి. ఇళ్లు తగలబెట్టినవాళ్లని పట్టుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ నమోదైన కేసులో పద్ధతి ప్రకారం ఫోన్ స్వాధీనం చేసుకోవడం వేరు, దారినపోయేవాణ్ణి ఆపి గ్యాలరీ తిరగేయడం వేరు. ఫోన్ల లాంటి డిజిటల్ పరికరాల స్వాధీనానికి మార్గదర్శకాలు పెట్టమని 2023 నవంబరులో సుప్రీంకోర్టే కేంద్రానికి చెప్పింది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్‌లో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం, పోలీసుల దర్యాప్తు, సోదాల పద్ధతి ఇందులోనే ఉంటుంది) 94వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఫోన్ అడగొచ్చు, 106 కింద స్వాధీనం చేసుకోవచ్చు. అయితే 105 ప్రకారం సోదా, స్వాధీనం రెండూ వీడియో తీయాలి. కాబట్టి "ఏ కేసులో సార్? నోటీసు ఉందా?" అని మర్యాదగా అడగండి. పెనుగులాడొద్దు, అప్పటికప్పుడు చాట్‌లు డిలీట్ చేయొద్దు, సాక్ష్యం మాయం చేశారని ఇంకో కేసు పడుతుంది. ఫోన్ తీసుకుంటే మధ్యవర్తుల రిపోర్టులో (సాక్షుల ముందు రాసే పంచనామా) మోడల్, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) రాయించుకుని కాపీ అడగండి. తిరిగి కావాలంటే 497 లేదా 503 సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయాలి, దానికి ఆ ఐఎంఈఐ నంబరే ఆధారం.