సర్పంచ్‌ల పెండింగ్ బిల్లులు: అసలు ముడి పడింది 2019లోనే

మళ్ళీ మొదలైంది. తెలంగాణలో 2025 డిసెంబర్ 22న కొత్త సర్పంచ్‌లు ప్రమాణం చేసి కుర్చీలో కూర్చున్నారో లేదో, పాత సర్పంచ్‌లు సొంత డబ్బు పెట్టి చేసిన పంచాయతీ పనులకి మా బిల్లుల సంగతి ముందు తేల్చండి అని మళ్ళీ అడుగుతున్నారు. దాదాపు రెండేళ్ళు ఎన్నికైనవాళ్ళు లేక ప్రత్యేక అధికారుల చేతిలో ఉన్న ఊళ్ళకి ఎలక్షన్లు అయిపోయాయి కాబట్టి ఆగిపోయిన కేంద్రం డబ్బు కదులుతుంది, మరి ఆ వచ్చే డబ్బుతో కొత్త పనులు చేస్తారా పాత బాకీలు తీరుస్తారా అన్నది ఊరూరా వాదన. కాంగ్రెస్‌వాళ్ళు ఇది మీ హయాంలో పెట్టిన బాకీ అంటారు, అంతకుముందు ప్రభుత్వంలో ఉన్న బీఆర్ఎస్‌వాళ్ళు 2023 డిసెంబర్ నుంచి కుర్చీలో ఉన్నది మీరే కదా అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది గానీ, ఇద్దరూ కలిసి దాటేస్తున్న విషయం ఒకటుంది, అదే ఇక్కడ చెప్పాలి.

పంచాయతీల పాత చరిత్ర అంతా చాలాసార్లు చదివినదే, వదిలేద్దాం. 2018 చట్టం దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. ఆ ఏడాది మార్చిలో తెలంగాణ కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చుకుంది, తండాలు గూడేలు కలిపి 4,383 కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి, మొత్తం 12,751 అయ్యాయి. మా తండాలో మా రాజ్యం అన్న మాట అప్పుడే నిజమైంది, దాన్ని ఎవరూ తక్కువ చెయ్యకూడదు. కానీ అదే చట్టం సర్పంచ్ మెడ మీద కత్తి కూడా పెట్టింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే పదవికే ఎసరు, పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలి, తేడా వస్తే కలెక్టర్ సస్పెండ్ చెయ్యొచ్చు. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలి. ఈ జాయింట్ చెక్ పవర్ వల్ల ఎన్ని ఊళ్ళలో గొడవలు అయ్యాయో గ్రామాల్లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

2019 జనవరిలో ఎలక్షన్లు అయ్యాయి. ఏకగ్రీవం చేసుకున్న ఊరికి 10 లక్షలు ఇస్తాం అన్నారు, చాలా ఊళ్ళు ఆ డబ్బు కోసం పదవీకాలం అయ్యేదాకా ఎదురు చూస్తూనే ఉన్నాయి. ఇది కూడా పక్కన పెడదాం.

అసలు ముడి 2019 సెప్టెంబర్ 6న పడింది. ఆ రోజు పల్లె ప్రగతి పేరుతో 30 రోజుల ప్రణాళిక మొదలైంది, నెలకి 339 కోట్లు పంచాయతీలకి అని ప్రభుత్వం చెప్పింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం ఊళ్ళకి నెలనెలా, జీతం పడ్డట్టు డబ్బు వేస్తాననడం అంతకుముందు మన దగ్గర విననిది. మొదట్లో వేశారు కూడా. ఊళ్ళో చెత్త ఎత్తారు, పాడుబడ్డ ఇళ్ళు కూల్చారు, బావులు పూడ్చారు, కరెంటు తీగలు సరిచేశారు. తర్వాత వచ్చిన జాతీయ పంచాయతీ అవార్డుల్లో తెలంగాణ పల్లెలు వరసగా కనిపించాయంటే ఊరికే కాదు. అప్పటి ప్రభుత్వం దాన్ని గొప్పగా చెప్పుకోవడంలో తప్పులేదు.

కానీ డబ్బుతో పాటు ఒక లిస్టు కూడా వచ్చింది, ఆ లిస్టు ఊరు రాసుకున్నది కాదు. ప్రతి పంచాయతీకి ట్రాక్టర్ ఉండాలి, అదీ బ్యాంకు లోన్ మీద, ఈఎంఐ పంచాయతీయే కట్టాలి. ట్రాలీ, ట్యాంకర్. ప్రతి ఊళ్ళో నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక), పల్లె ప్రకృతి వనం. పారిశుద్ధ్య కార్మికులకి నెలకి 8,500 (2023లో 9,500 చేశారు). వీధి దీపాల కరెంటు బిల్లు, నీళ్ళ మోటార్ల కరెంటు బిల్లు. ఒక 800 జనాభా ఉన్న తండాని తీసుకోండి. వచ్చిన డబ్బులో ఈఎంఐ పోను, కార్మికుల జీతం పోను, కరెంటు బిల్లు పోను, డీజిల్ పోను చూస్తే మిగిలేది ఏమీ ఉండదు, ఒక్కోసారి ఎదురే పెట్టాల్సి వస్తుంది. అంటే ఊరికి డబ్బు ఇచ్చారు గానీ అది ఊరు చేతికి రాకముందే దేనికి పోవాలో రాసి పెట్టి ఉంది. గ్రామసభ కూర్చుని ఈసారి మనం డ్రైనేజీ కట్టుకుందాం అనుకునే సందు లేదు.

సరే, లిస్టు ఇచ్చారు, మంచి పనులే, ఎవరూ కాదనరు. వైకుంఠధామం లేని ఊళ్ళో వానాకాలం శవాన్ని తీసుకుపోవడం ఎంత నరకమో తెలిసినవాళ్ళు ఆ పని వద్దనరు. కష్టం ఎక్కడొచ్చిందంటే పని చెయ్యమన్నది పైనుంచి, గడువు పెట్టింది కలెక్టర్, టెలికాన్ఫరెన్స్‌లో తిట్లు తిన్నది కార్యదర్శీ సర్పంచూ, కానీ సిమెంటు ఇనుము తెచ్చి పని మొదలుపెట్టాల్సింది సర్పంచ్ సొంత డబ్బుతో. కాంట్రాక్టర్లు చిన్న పనులకి ముందుకు రారు, వచ్చినా బిల్లు ఎప్పుడొస్తుందో తెలీక వెనక్కి పోతారు. పని ఆగితే షోకాజ్ నోటీసు. దాంతో సర్పంచే కాంట్రాక్టర్ అయ్యాడు. నూటికి రెండు రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాళ్ళున్నారు, ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టినవాళ్ళున్నారు, ఎకరం అమ్మినవాళ్ళున్నారు. ఇందులో ఎస్సీ ఎస్టీ బీసీ రిజర్వేషన్‌లో మొదటిసారి గెలిచినవాళ్ళు, ఆడవాళ్ళు ఎంతమందో. వాళ్ళకి వెనక ఆస్తి లేదు, రేపు బిల్లు రాకపోతే తట్టుకునే శక్తి లేదు.

ఇప్పుడు బిల్లు ఎలా కదులుతుందో దగ్గరగా చూడండి, ఎందుకంటే గొడవంతా ఇక్కడే ఉంది. పని అయ్యాక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) వచ్చి కొలిచి ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో రాస్తాడు. పై ఆఫీసర్ చెక్ చేస్తాడు. కార్యదర్శి చెక్కు రాస్తాడు, సర్పంచ్ ఉపసర్పంచ్ సంతకాలు పెడతారు, అది సబ్ ట్రెజరీకి పోతుంది. అక్కడ ఒక టోకెన్ నంబర్ ఇస్తారు. లెక్క ప్రకారం ఇక డబ్బు వచ్చినట్టే, పంచాయతీ పుస్తకంలో ఖర్చయిపోయినట్టే. కానీ ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ పైనుంచి క్లియర్ చేస్తే తప్ప ఆ టోకెన్ కదలదు. దీన్నే ఊళ్ళలో ఫ్రీజింగ్ అంటారు. నెలలు గడుస్తాయి, చెక్కు గడువు దాటుతుంది, మళ్ళీ కొత్త చెక్కు, మళ్ళీ సంతకాలు, అప్పటికి ఉపసర్పంచ్‌తో పడకపోతే ఆ సంతకం దగ్గర ఇంకో పంచాయితీ. ఇంకా ఘోరం ఏంటంటే ఊరి జనం కట్టిన ఇంటి పన్ను కూడా ట్రెజరీలోనే వెయ్యాలి, ఫ్రీజింగ్ పడితే అదీ ఇరుక్కుంటుంది. జనం దగ్గర పన్ను వసూలు చేసి, వాళ్ళ వీధిలో బల్బు మార్చడానికి, బ్లీచింగ్ పౌడర్ కొనడానికి అదే డబ్బు తీసుకోలేని పరిస్థితి. నా లెక్కలో అన్నింటికన్నా పెద్ద అన్యాయం ఇదే, ఎందుకంటే ఇది రాష్ట్రం డబ్బు కాదు, కేంద్రం డబ్బూ కాదు, ఊరి సొంత డబ్బు.

కరోనా వచ్చాక రాష్ట్రం చేతిలో డబ్బు బిగుసుకుంది, నెలనెలా పడేది ఆలస్యం అవ్వడం తగ్గడం మొదలైంది, కానీ లిస్టు తగ్గలేదు, పెరిగింది. 2020లో రైతు వేదికలు (రాష్ట్రం మొత్తం మీద 2,601), 2022 మార్చిలో సర్కారు బడులు బాగుచేసే మన ఊరు మన బడి, అదే ఏడాది జూన్‌లో క్రీడా ప్రాంగణాలు. వీటిలో చాలా పనులు చివరికి సర్పంచ్‌ల చేతే చేయించారు. అప్పటి ప్రభుత్వం చెప్పేదేంటంటే ఉపాధి హామీ పనుల్లో సిమెంటు ఇనుము లాంటి వాటికి ఇచ్చే మెటీరియల్ డబ్బు కేంద్రం సరిగ్గా ఇవ్వలేదని, కల్లాలు కట్టించినందుకు 151 కోట్లు తిరిగి కట్టమని కేంద్రమే అడిగిందని, దాని మీద 2022 డిసెంబర్‌లో ధర్నాలు కూడా చేశారు. ఆ మాటలో పస లేదని అనను. కానీ కేంద్రం ఇవ్వదని తెలిశాక కూడా పనులు ఆపమని సర్పంచ్‌కి చెప్పలేదు కదా.

అదే సమయంలో 15వ ఆర్థిక సంఘం డబ్బు, అంటే ఆ సంఘం సిఫార్సు మీద కేంద్రం పంచాయతీలకి ఇచ్చే డబ్బు గొడవ కూడా వచ్చింది. కేంద్రం ఆ డబ్బు పంచాయతీ ఖాతాకి పోవాలంటుంది, రాష్ట్రం మా ద్వారానే పోవాలంటుంది. 2022 చివర్లో మా డిజిటల్ కీ (ఆన్‌లైన్ సంతకం) వాడి మాకు చెప్పకుండానే ఖాతాలో డబ్బు తీసేశారని సర్పంచ్‌లు మండలాల్లో రోడ్డెక్కారు, కరెంటు బాకీల కింద సర్దుకున్నారని వాళ్ళ ఆరోపణ. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2021లో అచ్చం ఇదే జరిగింది, ఆర్థిక సంఘం డబ్బుని డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) బాకీకి జమ చేసుకుంటే సర్పంచ్‌లు ఖాతా చూసుకుని లబోదిబోమన్నారు. రెండు రాష్ట్రాలు, రెండు వేరే పార్టీలు, పద్ధతి మాత్రం ఒకటే.

2023 జనవరి మొదట్లో సర్పంచ్‌ల నిధుల కోసం ఇందిరా పార్క్ దగ్గర కాంగ్రెస్ ధర్నా పెట్టుకుంటే అప్పటి పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డిని పోలీసులు అరెస్ట్ చేశారు. పాత సర్పంచ్‌లు ఆ రోజుని మర్చిపోలేదు, ఎందుకంటే ప్రభుత్వం మారితే మన బిల్లులు వస్తాయని చాలామంది నమ్మింది అప్పటి నుంచే. 2024 ఫిబ్రవరి 1తో పదవీకాలం అయిపోయింది, మర్నాటి నుంచి ప్రత్యేక అధికారులు వచ్చారు. బిల్లులు రాలేదు. 2024 నవంబర్‌లో మాజీ సర్పంచ్‌లు హైదరాబాద్ బయల్దేరితే ఈసారి వాళ్ళని అరెస్ట్ చేశారు. కాంగ్రెస్ ప్రభుత్వం మాట ఏంటంటే, అప్పులు వారసత్వంగా వచ్చాయి, పది లక్షల లోపు చిన్న బిల్లులు ముందు కడుతున్నాం, మిగతావి వరసగా ఇస్తాం అని. వారసత్వం నిజమే. కానీ పదేళ్ళ బాకీ కాదు ఇది, ఊళ్ళో కళ్ళ ముందు కనిపిస్తున్న గోడల బాకీ, ఎంబీ రికార్డై టోకెన్ పడిన బాకీ. అప్పు చేసినవాళ్ళ ఇంటికి వడ్డీవ్యాపారి ఏ పార్టీ ప్రభుత్వం ఉందో చూసి రాడు. అప్పులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న సర్పంచ్‌ల వార్తలు రెండు ప్రభుత్వాల హయాంలోనూ వచ్చాయి.

ఇక ఈ రెండేళ్ళలో ఊళ్ళు ఎలా నడిచాయంటే పంచాయతీ కార్యదర్శుల జేబుతో నడిచాయి. ట్రాక్టర్ డీజిల్, బ్లీచింగ్, మోటార్ రిపేర్, అన్నీ వాళ్ళే పెట్టుకుని తర్వాత చూద్దాం అన్నారు. ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి 15వ ఆర్థిక సంఘం డబ్బు కేంద్రం ఆపేసింది. 42 శాతం బీసీ రిజర్వేషన్ మీద ఇచ్చిన జీవోకి 2025 అక్టోబర్‌లో హైకోర్టు స్టే ఇవ్వడంతో ఎలక్షన్లు ఇంకా వెనక్కి పోయాయి. చివరికి నవంబర్‌లో కేబినెట్ ముందుగా పంచాయతీ ఎలక్షన్లు పెడదామని నిర్ణయించింది, కారణం కూడా దాచుకోలేదు, 2026 మార్చి 31 దాటితే దాదాపు 3 వేల కోట్లు మురిగిపోతాయని. డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో పోలింగ్ అయింది.

కాబట్టి ఇవాళ కొత్త సర్పంచ్ ముందున్న చిక్కు ఇదీ. ఆగి ఉన్న 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీళ్ళకి పారిశుద్ధ్యానికే పెట్టాలి, దాంతో పాత వైకుంఠధామం బిల్లు కట్టడం కుదరదు. పాత సర్పంచ్ కూడా ఆ డబ్బు అడగడం లేదు, నాతో పని చేయించింది రాష్ట్రం కాబట్టి రాష్ట్రం బడ్జెట్ నుంచి నా డబ్బు ఇవ్వండి అంటున్నాడు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఊళ్ళో తగువు పెట్టడం సరికాదు. చాలా ఊళ్ళలో ఓడిపోయిన పాత సర్పంచ్, గెలిచిన కొత్త సర్పంచ్ ఇద్దరూ ఒకే వాడవాళ్ళు, ఒక్కోచోట ఒకే ఇంటివాళ్ళు.

ఇలా కాకుండా ఇంకోలా చెయ్యొచ్చా అంటే కేరళ చేసి చూపించింది. 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకి ఇస్తామని నిర్ణయించుకున్నారు. దాంతో పాటు వాళ్ళు చేసిన ఇంకో పని మన దగ్గర ఎవరూ మాట్లాడరు. బడ్జెట్‌తో పాటు అపెండిక్స్ నాలుగు అని ఒక పుస్తకం అసెంబ్లీలో పెడతారు, అందులో ఏ పంచాయతీకి ఎంతో పేరుపేరునా రాసి ఉంటుంది. అంటే ఊళ్ళో మామూలు మనిషి కూడా మా పంచాయతీకి ఇంత రాసి ఉంది, ఎంత ఇచ్చారు అని లెక్క అడగొచ్చు. అక్కడ కూడా ఏడాది చివర్లో ట్రెజరీ ఆంక్షలు ఉంటాయి, డబ్బు ఆలస్యం అయిందని గొడవలు జరుగుతాయి, స్వర్గం ఏమీ కాదు. కానీ గొడవపడటానికి చేతిలో ఒక అంకె ఉంటుంది. మన బడ్జెట్‌లో పంచాయతీరాజ్ శాఖకి ఇన్ని వేల కోట్లు అని ఒక పెద్ద అంకె వస్తుంది, అందులో మా ఊరి వాటా ఎంతో సర్పంచ్‌కి కూడా తెలీదు.

తెలంగాణలో రాష్ట్ర ఆర్థిక సంఘం పని ఇదే కావాలి. మొదటి సంఘానికి రాజేశం గౌడ్ ఛైర్మన్, రెండో సంఘానికి 2024లో సిరిసిల్ల రాజయ్యని వేశారు. రాష్ట్రం సొంత ఆదాయంలో ఊరికి ఎంత వాటా, ఎలా పంచాలి అని చెప్పడానికే రాజ్యాంగం ఈ సంఘం పెట్టమంది. దాని సిఫార్సుల మీద అసెంబ్లీలో గట్టిగా ఒకరోజు చర్చ జరిగితే పల్లె ప్రగతి లాంటి పథకం పేరు మారినప్పుడల్లా ఊరి డబ్బు ఆగిపోయే గతి తప్పుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కూడా కాబట్టి ఇది తేల్చుకోవాల్సింది ఇప్పుడే.

పాత బాకీ విషయంలో పాత సర్పంచ్‌లు అడిగేది పెద్దదేం కాదు. ట్రెజరీలో టోకెన్ పడి ఆగిన బిల్లులు ఊరివారీగా, పనివారీగా, తేదీతో సహా బయట పెట్టండి, బడ్జెట్‌లో వాటికి విడిగా ఒక పద్దు పెట్టండి, ముందు టోకెన్ పడినవాళ్ళకి ముందు ఇవ్వండి. ఆ లిస్టు ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్ దగ్గర ఉంది, ఒక్క బటన్ నొక్కితే వస్తుంది. ఇప్పటిదాకా దాన్ని ఊరు చూసేలా ఏ ప్రభుత్వమూ పెట్టలేదు.