ఆ చెంచాడు నూనె ఎందుకు?

ఇంగ్లండులో ఉంటున్న ఒక పాఠకుడు పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొన్నారట. పెట్రోలుకు బదులు ప్రొపేన్ గ్యాస్‌తో నడిపితే కారులో జీవం పోతుందా అని అడిగారు. బలం కొంచెం తగ్గుతుంది, జీవం పోదు. ఈ తేడా తెలియాలంటే, గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు పంపే కార్బ్యురేటర్ మూత విప్పి, అందులో చెంచాడు నూనె ఎందుకు పోస్తారో చూడాలి.

1962 నుంచి 1980 దాకా తయారైన ఈ 1798 సీసీ కార్లలో చాలావాటికి ఎస్‌యూ అనే రకం కార్బ్యురేటర్లు రెండేసి ఉంటాయి. ఇంజను గట్టిగా గాలి పీల్చినప్పుడు కార్బ్యురేటర్ లోపలి పిస్టన్ లేస్తుంది. దాని అడుగున వేలాడే మొనదేలిన సూదీ లేచి పెట్రోలుకు దారి విప్పుతుంది. చిక్కల్లా యాక్సిలరేటర్ తొక్కిన ఆ క్షణంలోనే. గాలి తేలిక, పరుగెత్తుకొస్తుంది. పెట్రోలు బరువు, వెనకబడుతుంది. వచ్చిన చుక్కల్లోనూ కొన్ని గొట్టం గోడలకు అంటుకుపోతాయి. ఇంజను తడబడుతుంది. అందుకే నూనె. అది పిస్టన్‌ను టక్కున లేవనివ్వదు. ఇరుకు సందులో గాలి వేగం పెరిగి పెట్రోలును ఇంకాస్త ఎక్కువగా లాగుతుంది. పెట్రోలు బద్ధకానికి ఆ నూనె మందన్నమాట.

ప్రొపేన్‌కు ఆ జబ్బే లేదు. మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది కనుక ఇంజనులోకి వాయువుగానే వస్తుంది. గోడలకు అంటదు, మలుపుల్లో తొణకదు, చలిలో స్టార్ట్ చేయడానికి పెట్రోలు పాలు పెంచే చోక్ లాగే పని ఉండదు. అయితే ద్రవాన్ని ఆవిరి చేసే పరికరానికి వేడి ఇచ్చేది ఇంజనును చల్లబరిచే నీళ్లే. అవి కాగకముందే ఎడాపెడా తొక్కితే అది మంచుకట్టి కూర్చుంటుంది. గ్యాస్‌ను కూడా ఎస్‌యూ గుండానే పంపితే ఆ నూనె జబ్బు లేనివాడికి మందు పోసినట్టే. గాలికి ఊరికే అడ్డు.

ఒక ముచ్చట. ఎస్‌యూను పుట్టించిన స్కిన్నర్లది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. తొలి నమూనాల్లో పిస్టన్‌కు బదులు తోలుతిత్తి ఉండేది, మన కమ్మరి కొలిమిలోలాగా! గాలిలో ప్రొపేన్ కలపడానికి వాడే ఇంప్‌కో కంపెనీ మిక్సర్‌లోనూ గాలి పీల్పుకు లేచే ఒక పొర ఉంటుంది, అదే గ్యాస్‌కు దారి తెరుస్తుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ తిత్తే గుర్తొస్తుంది.

ఇక బలం సంగతి. సరైన పాళ్లలో కలిపిన మిశ్రమంలో ప్రొపేన్ దాదాపు 4 శాతం చోటు ఆక్రమిస్తుంది, పెట్రోలు ఆవిరి 2 శాతం లోపే. అంత మేరకు గాలి తగ్గుతుంది. పైగా పెట్రోలు చుక్కలు ఆవిరవుతూ లోపలికి వచ్చే గాలిని చల్లబరిచి చిక్కబరుస్తాయి. ఆ లాభమూ పోతుంది. ప్రొపేన్ ఆక్టేన్, అంటే ఎంత నొక్కినా ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, ఎక్కువే కానీ, మిశ్రమాన్ని 8.8 రెట్లే నొక్కే పాత ఇంజను దాన్ని పూర్తిగా వాడుకోలేదు.

గ్యాస్ ఇంజనును ఎండబెట్టి చంపుతుందని కొందరికున్న భయంలో కాస్త నిజముంది. పాత వాల్వు సీట్లు, అంటే ఇంజను కవాటాలు మూసుకునేటప్పుడు ఆనే అంచులు, సీసం కలిపిన పెట్రోలుకు అలవాటు పడ్డవి. సీసం లేని పెట్రోలుతోనూ అరుగుతాయి, గ్యాస్‌తోనూ అరుగుతాయి. గట్టి లోహపు సీట్లు వేయిస్తే సరి.

నా దృష్టిలో అసలు ఇబ్బంది గ్యాస్ ట్యాంకు పెట్టాల్సిన డిక్కీ. లీటరుకు వచ్చే శక్తి పెట్రోలులో ముప్పాతిక వంతే, ట్యాంకునేమో 80 శాతానికి మించి నింపకూడదు. పెద్ద ట్యాంకు కొనేముందు స్టెప్నీ ఎక్కడ పెడతారో చూసుకోండి.